కాగితానికెక్కని బంతులు

ఆటగాళ్ళు కూర్చునే డగౌట్‌లో గోడ మీద అతికించిన ఆ కాగితం చూస్తే చాలు, చాంగ్‌సబ్‌కి అరికాలి మంట నెత్తికెక్కేది.

జిన్జు హెరాన్స్ బేస్‌బాల్ జట్టులో ఏ పిచర్ ఏ రోజు ఎన్ని బంతులు విసిరాడో ఆ కాగితంలో రాస్తారు. ఆ ఆదివారం పొద్దున తక్ జెవన్ పేరుకెదురుగా వరసగా మూడు సున్నాలున్నాయి. గురువారం సున్నా, శుక్రవారం సున్నా, శనివారం సున్నా. పక్కనే 'మూడు రోజుల విశ్రాంతి, సిద్ధం' అని పిచింగ్ కోచ్ సన్ ఆకుపచ్చ సిరాతో గుండ్రంగా రాసిపెట్టాడు.

"విశ్రాంతట, విశ్రాంతి!" అన్నాడు చాంగ్‌సబ్ గోడతో. "సిగ్గుండాలి రాయడానికి."

ఓక్ చాంగ్‌సబ్‌ది బుల్‌పెన్‌లో బంతులు పట్టే ఉద్యోగం. మైదానం కుడివైపు ప్రహరీ అవతల వలలు కట్టిన ఇరుకు సందు బుల్‌పెన్. ఆట మొదలుపెట్టిన పిచర్ని తీసేస్తే తర్వాత దిగాల్సినవాడు అక్కడే చెయ్యి వేడెక్కించుకోవాలి. వాడు విసిరే ప్రతి బంతినీ గొంతుక్కూర్చుని పట్టేది చాంగ్‌సబే. పద్నాలుగేళ్ళుగా అదే పని. ఒక్క ఆటలోనూ మైదానంలోకి అడుగుపెట్టింది లేదు, స్కోరు పలక మీద పేరు పడింది లేదు. ఎడమచేతి చూపుడువేలు వంగడం మానేసి మూడేళ్ళయింది. ఇద్దరుండాల్సిన చోట జూలై నుంచి ఒక్కడే ఉన్నాడు. రెండోవాడు మోకాళ్ళు పోయి మానేస్తే, క్లబ్బువాళ్ళు ఆ చోటు నింపే సంగతే మర్చిపోయారు.

ఆ మూడు సున్నాల సంగతి అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గురువారం బుల్‌పెన్‌కి డగౌట్ నుంచి ఫోన్ వచ్చింది. "జెవన్ని లేపు" అన్నారు. లేపాడు. ముప్ఫై బంతులయ్యాక "ఇక అక్కర్లేదు, కూర్చోబెట్టు" అన్నారు. శుక్రవారం రెండుసార్లు లేపి రెండుసార్లూ కూర్చోబెట్టారు, నలభై ఐదు. శనివారం ముప్ఫై ఐదు. మొత్తం నూటపది బంతులు, అన్నీ ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి విసిరినవే. కానీ ఎదురుగా బ్యాటర్ లేడు కాబట్టి కాగితానికి సంబంధించినంతవరకు అవి బంతులే కావు. జెవన్ మూడు రోజులూ కాళ్ళు చాపుకుని పడుకున్నట్టే లెక్క.

ఈ దరిద్రమంతా ఎక్కడ మొదలైందో చాంగ్‌సబ్‌కి బాగా తెలుసు. మేనేజర్ పాంగ్‌కి ఒక సిద్ధాంతం ఉంది. ఆట మొదలుపెట్టిన పిచర్ ఒకే బ్యాటర్‌కి మూడోసారి ఎదురుపడకూడదు, పడితే చితక్కొట్టించుకుంటాడు. అందుకని తొమ్మిది ఇన్నింగ్సుల ఆటలో ఐదో ఇన్నింగ్స్ అవుతుండగానే, చాలాసార్లు బాగా విసురుతున్నా సరే, అతన్ని తీసేయడం. మిగతా సగం ఆటని బుల్‌పెన్‌లో ఉన్న ఆరుగురూ పంచుకోవడం. ఒకరోజైతే సరే. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా రోజూ అంటే వాళ్ళు మనుషులా, మరచేతులా?

ఏప్రిల్‌లోనే చాంగ్‌సబ్ బస్సులో పాంగ్ పక్కన కూర్చుని ఈ మాట మర్యాదగా చెప్పాడు. పాంగ్ తల ఊపి నిద్రపోయాడు. జూన్‌లో ఆఫీసుకి వెళ్ళి మళ్ళీ చెప్పాడు.

"మొదటి పిచర్ ఆరు ఇన్నింగ్సులు లాగిన ఆటలు చూడండి సార్. ఇరవైలో పదిహేను గెలిచాం. ముందే తీసేసినవాటిల్లో మూడోవంతు కూడా గెలవలేదు."

పాంగ్ నవ్వాడు. "నువ్వు బండిని గుర్రానికి ముందు కడుతున్నావయ్యా. బాగా విసిరిన రోజే వాడు ఎక్కువసేపు ఉంటాడు. ఉంచినందుకు గెలవలేదు, గెలిచే రోజు కాబట్టి ఉన్నాడు."

"సరే సార్, అదే అనుకుందాం. మరి ఆ మర్నాటి ఆటలు చూశారా? వాడు ఏడు ఇన్నింగ్సులు లాగితే నా ఆరుగురూ ఆ పూట చేతులు కట్టుకుని కూర్చుంటారు. మర్నాడు వాళ్ళ బంతి నా గ్లవ్‌లో టప్‌మని మోగుతుంది. ఆ మర్నాళ్ళు కూడా గెలుస్తున్నాం. దానికేం చెబుతారు?"

పాంగ్ కప్పు ముందుకి జరిపాడు. టీ తాగి వెళ్ళమన్నాడు.

ఆ ఆదివారం ఆట మధ్యాహ్నం రెండింటికి. అంతకుముందు భోజనాల దగ్గర జెవన్ వేడి పులుసులో అన్నం కలుపుకుని ఎడంచేత్తో తింటున్నాడు. చాంగ్‌సబ్ చెంచా కింద పెట్టేశాడు.

"ఏరా, కుడిచేతికేమైంది?"

"ఏం కాలేదన్నా. ఎడంచెయ్యి అలవాటు చేసుకుంటున్నా."

"నా చెవిలో పువ్వు పెట్టకు. మోచెయ్యి ఎన్నాళ్ళుగా నొప్పి?"

జెవన్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఈ నెలాఖరుకి ఆసియా క్రీడల జట్టు ప్రకటిస్తారన్నా. అందులో పేరుండి బంగారు పతకం వస్తే మగవాళ్ళంతా సైన్యంలో చెయ్యాల్సిన ఆ ఏడాదిన్నర నాకు తప్పుతుంది. నాకు పాతికేళ్ళు. ఇప్పుడు వెళ్ళొస్తే నన్నెవరు గుర్తుపెట్టుకుంటారు? ఇంకో పదిహేను రోజులు. ఎవరికీ చెప్పకన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"పదిహేను రోజులకి ఆ చెయ్యి ఉండాలి కదరా!" అన్నాడు చాంగ్‌సబ్. గిన్నె పక్కకి జరిపేశాడు.

ఆట మొదలుపెట్టింది మా గిల్సు. ముప్ఫై నాలుగేళ్ళవాడు, మొహంలో చిరునవ్వనేది లేకుండా నిదానంగా విసిరే మనిషి. ఐదు ఇన్నింగ్సులు పూర్తయ్యేసరికి యాభై ఎనిమిది బంతులే అయ్యాయి. స్కోరు రెండు ఒకటి, జిన్జుదే పైచేయి. అవతలి బ్యాటర్లు బ్యాటు నేలకేసి కొట్టుకుంటూ వెనక్కి పోతున్నారు. సరిగ్గా అప్పుడే బుల్‌పెన్ ఫోన్ మోగింది.

"జెవన్ని లేపు," అన్నాడు కోచ్ సన్. "ఆరో ఇన్నింగ్స్ వాడిది."

జెవన్ అప్పటికే లేచి నిలబడి కోటు విప్పేస్తున్నాడు.

"లేవడు," అన్నాడు చాంగ్‌సబ్.

"ఏంటీ?"

"చెయ్యి బాగాలేదు. మూడు రోజుల్లో నూటపది బంతులు విసిరాడు. మిగతా ఐదుగురూ నిన్న విసిరినవాళ్ళే. గిల్సు బ్రహ్మాండంగా ఉన్నాడు, ఉండనివ్వండి."

"నా కాగితంలో మూడు రోజుల విశ్రాంతని ఉందయ్యా!"

"ఆ కాగితం మీరు రాసిందే కదా."

అటువైపు ఏదో గలాటా అయింది. ఫోన్ చేతులు మారింది. ఈసారి పాంగ్ గొంతు. "నీ పని బంతి పట్టడం. పట్టు."

"ఇప్పటికి రెండుసార్లు చెప్పాను సార్, ఇది మూడోసారి. వాడి మోచెయ్యి పోతుంది. నేను పట్టను."

ఫోన్ పెట్టేసి, ముఖానికున్న ముసుగు తీసి, గ్లవ్ తీసి బెంచీ కిందకి తన్నేశాడు. నూటయాభై కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతిని కూర్చుని పట్టగలిగేవాడు ఆ సందులో ఇంకొకడు లేడు. వేడెక్కని చేతిని నేరుగా మైదానంలోకి పంపే ధైర్యం ఏ మేనేజర్‌కీ ఉండదు. ఫోన్ మళ్ళీ మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మిగతా ఐదుగురూ తమ బూట్లకేసి చూసుకుంటూ కూర్చున్నారు.

జెవన్ మొహం ఎర్రగా కందిపోయింది. "నువ్వెవరన్నా నా చెయ్యి గురించి చెప్పడానికి? నోటికాడి కూడు తీసేశావు కదా! నిన్ను సొంత అన్న అనుకున్నాను."

"అనుకో, అనుకోకపో. కూర్చో."

"నీకేం పోయింది? నువ్వెలాగూ ఎప్పుడూ ఆడలేదు!"

ఆ మాట చాంగ్‌సబ్‌కి సూటిగా గుచ్చుకుంది. వలకి వీపు ఆనించి ఆట చూస్తూ కూర్చున్నాడు.

ఆరో ఇన్నింగ్స్‌కి గిల్సే వెళ్ళాడు. ఏడుకీ అతనే. ఏడులో అవతలివాళ్ళు ఇద్దరు, రెండో బేస్‌లో ఒకడు, మూడో బేస్‌లో ఒకడు, పరుగు తియ్యడానికి కాచుకుని నిలబడ్డారు. అప్పటికే మూడోసారి ఎదురుపడుతున్న వాళ్ళ మొనగాడు బ్యాటు తిప్పుతూ వచ్చాడు. పాంగ్ డగౌట్ మెట్టెక్కి బుల్‌పెన్ వైపు చూశాడు. అక్కడ ఎవరూ నిలబడి లేరు. ఏమీ చెయ్యలేక మళ్ళీ కిందకి దిగిపోయాడు. గిల్సు ఆ మొనగాడికి నాలుగు నెమ్మది బంతులు వేసి, ఐదోది ఉన్నట్టుండి లోపలికి దూసుకొచ్చేలా విసిరాడు. వాడు గాలిని కొట్టి వెళ్ళిపోయాడు. తొమ్మిదో ఇన్నింగ్స్ చివరి బంతి కూడా గిల్సు చేతిలోంచే వచ్చింది. మొత్తం నూట ఆరు బంతులు. జట్టు గెలిచింది. నాలుగేళ్ళలో ఆ జట్టులో ఒక ఆటని మొదలుపెట్టినవాడే ముగించడం అదే మొదటిసారి. గిల్సు నవ్వాడు కూడా.

బట్టలు మార్చుకునే గదిలో టీవీలో పాంగ్ మాట్లాడుతున్నాడు.

"గిల్సు మీద నాకు మొదటినుంచీ నమ్మకం. మొదటి పిచర్ నిలబడితేనే జట్టు నిలబడుతుంది. నేనెప్పుడూ చెప్పేది ఇదే."

చాంగ్‌సబ్ చేతిలో ఉన్న తువ్వాలు టీవీ మీదకి విసిరేశాడు. అక్కడున్నవాళ్ళు నవ్వారు. అతనికి నవ్వు రాలేదు. అబద్ధం అంత మెత్తగా చెప్పగలిగే మనిషిని ఏం చెయ్యాలో అతనికి తోచలేదు.

సోమవారం ఆటలుండవు. మంగళవారం పొద్దున ఆఫీసుకి రమ్మని కబురొచ్చింది.

పాంగ్ బల్ల మీద ఒక కవరు పెట్టాడు. "మొన్న గెలిచాం, కాదనను. కానీ మోగిన ఫోన్ ఎత్తని బుల్‌పెన్ నాకొద్దు. ఈ రోజు నుంచి నువ్వు రానక్కర్లేదు."

"పద్నాలుగేళ్ళయింది సార్."

"అందుకే పిలిచి చెబుతున్నా. ఇంకొకడైతే మెసేజ్ పంపేవాణ్ణి."

"పోతాను. పోయేముందు ఒక్కటి చెయ్యండి. జెవన్ బుల్‌పెన్‌లో విసిరినవి కూడా కాగితంలో రాయించండి."

"దానికి గడి లేదయ్యా అందులో," అన్నాడు పాంగ్ చిరాగ్గా.

అంతలో తలుపు తట్టి జెవన్ లోపలికొచ్చాడు. చాంగ్‌సబ్ వైపు చూడలేదు. చేతులు కట్టుకుని, నడుము వంచి నమస్కారం పెట్టి, వచ్చే దారంతా వల్లెవేసుకున్నట్టు గడగడా చెప్పేశాడు.

"సార్, నా చెయ్యి బాగానే ఉంది. అన్న పొరపాటుపడ్డాడు. ఈ రోజు ఎన్ని ఇన్నింగ్సులైనా వేస్తాను. మీరు లేపండి, చాలు."

పాంగ్ చాంగ్‌సబ్ వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. విన్నావా అన్నట్టు.

"ఒరేయ్ జెవనా," అన్నాడు చాంగ్‌సబ్. "ఒకసారి చెయ్యి చాపరా."

"ఎందుకన్నా?"

"సారుకి చూపించు. బాగుందన్నావుగా. చాపు."

జెవన్ కుడిచెయ్యి ముందుకి పెట్టాడు. మోచెయ్యి దగ్గర అది వంగిపోయి ఆగింది. ఇంకా చాపబోయాడు. పెదవి కొరుక్కున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది, కానీ ఆ వంపు వెంట్రుకవాసి కూడా సాగలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే అలాగే నిలబడ్డాడు, ఎవరైనా ఏమైనా ఇస్తారేమో అన్నట్టు సగం చాచిన చేతితో.

పాంగ్ చేతికేసి చూశాడు. తర్వాత బల్ల మీదున్న కాగితానికేసి చూశాడు. అందులో ఇప్పుడు వరసగా ఐదు సున్నాలున్నాయి. మళ్ళీ చేతికేసి చూశాడు.

ఫోన్ తీసి కోచ్‌తో అన్నాడు. "జెవన్ పేరు తీసెయ్. ఆసుపత్రికి పంపాలి. ఈ రోజు మొదలుపెట్టేవాడెవడు? వాడికి చెప్పు, ఏడు ఇన్నింగ్సులు లాగాలని."

ఫోన్ పెట్టేసి కుర్చీలో వెనక్కి వాలాడు. నిజంగానే నొచ్చుకున్న మనిషిలా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఇంత జరుగుతుంటే ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదేమయ్యా?"

చాంగ్‌సబ్ ఆ మొహంలోకి చూశాడు. అరవాలనిపించింది. అరవలేదు.

"మూడుసార్లు చెప్పాను సార్," అన్నాడు. "మూడోసారికి ఉద్యోగం పోయింది."

కవరు జేబులో పెట్టుకుని, జెవన్ సంచి తన భుజానికి వేసుకుని, కుర్రాణ్ణి ముందు నడవమన్నాడు.