పని రానట్టు

"ఆ కళ్ళద్దాల కొట్టు ఊసెత్తావంటే చూడు," అంది అక్క నాకు జడ వేస్తూ. "డిగ్రీ చదివాను, ఎక్కడా పని చెయ్యలేదు. అంతే చెప్పు."

"నాలుగేళ్ళు చేశాను కదే."

"చేశావులే. ఆ కొట్టువాడిచ్చిన జీతం చెబితే ఫ్యాక్టరీవాళ్ళు దానికి పిసరంత కలుపుతారు. అదే కొత్తగా డిగ్రీతో వచ్చినవాళ్ళకైతే వేరే జీతం. నువ్వు మొద్దువైతేనే ఎక్కువొస్తుంది."

నవ్వాను. ఆ ఎక్కువ వస్తే అక్క రెండో ఉద్యోగం మానేస్తుంది. పగలు అద్దాలు అరగదీసి సాయంత్రం కాలేజీకి పరిగెత్తిన నాలుగేళ్ళను రోగంలా దాచుకుని కళ్ళజోళ్ళ ఫ్యాక్టరీకి వెళ్ళాను. పని చూసి సాయంత్రం జీతం ఖాయం చేస్తామన్నారు.

సూపర్‌వైజరు తిరిగే సానరాయి ముందు కూర్చోబెట్టాడు. కావాలనే గట్టిగా నొక్కి మొదటి అద్దం పగలగొట్టాను.

"గాజు తల్లీ అది, పగవాడి పీక కాదు," అని నా మణికట్టు పట్టుకుని మెల్లగా తిప్పి చూపించాడు.

కొట్టులో నాకెవరూ అలా నేర్పలేదు. మొట్టికాయలతోనే వచ్చింది పని. వచ్చిన పనినే మళ్ళీ ప్రేమగా నేర్పించుకోవడం నాకు హాయిగా ఉంది. ఆ హాయికి సిగ్గు వేసింది. ఆ ఆలోచనలో పడి, అరగదీసిన అద్దాన్ని ఎత్తి కింది పెదవికి ఆనించి చుట్టూ తిప్పాను. ఈ పనిలో వేళ్ళు మొద్దుబారిపోతాయి. అంచులో బీట ఉంటే పెదవికే తెలుస్తుంది.

సూపర్‌వైజరు అది చూడనే చూశాడు. ఆయన కింది పెదవి మీద సన్నని పాత గాటు.

"ఏ కొట్టులో చేశావమ్మా?"

మనవాడే అనిపించింది. చెప్పాను.

"ఎంతిచ్చేవాడు?"

దానికి మాత్రం రెట్టింపు చెప్పాను.

ఆయన నవ్వాడు. "ఆ కొట్లలో అంత ఎవడిచ్చాడు తల్లీ? నేను చెయ్యలేదా?" అంటూ ఆఫీసు గదిలోకి వెళ్ళాడు.

సాయంత్రం నా జీతం ఖాయమైంది, పాతదానికి పిసరంత కలిపి. ఆ రోజే చేరిన డిగ్రీ అమ్మాయిని నా పక్కన కూర్చోబెట్టి, "పని వచ్చినదానివి, నువ్వే నేర్పు," అన్నారు. ఆమెది కొత్తవాళ్ళ జీతం.

"అక్కా, అంచు బాగా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?" అని అడిగింది.

"వేలితో తడిమి చూసుకో, చాలు," అన్నాను.

పెదవి సంగతి ఆమె మేలు కోరి దాచానో, ఓర్వలేక దాచానో ఇల్లు చేరేదాకా తేల్చుకోలేకపోయాను. అక్క రెండో పనికి బయల్దేరడానికి చెప్పులేసుకుంటోంది. నా ముఖం చూసి, అడగకుండానే వెళ్ళిపోయింది.