అంచున నిలబడే పిన్ని

కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో మిడత పొద్దుటి నుంచి చేసే పని ఒక్కటే. అద్దాన్ని సానరాయి మీద తిప్పుతూ అంచు అరగదీయడం, ఫ్రేములో పెట్టి చూడడం, పట్టకపోతే మళ్ళీ అరగదీయడం. ఎక్కువ అరిగిందా, అద్దం ఊడి ఒళ్ళో పడుతుంది. తక్కువ అరిగిందా, ఫ్రేము టప్పుమంటుంది. కుదురుగా ఒక్కచోట కూర్చోవడం చేతకాని మనిషికి ఇలాంటి ఉద్యోగం దొరకడం విడ్డూరమే. చిన్నప్పుడు ఇల్లంతా గెంతుతూ తిరిగేదని పిన్ని పెట్టిన పేరు మిడత. పెళ్ళయి, దేశం దాటి, పరాయి భాషలో కూరగాయలు బేరమాడడం వచ్చినా ఆ పేరు మాత్రం వదల్లేదు. బస్సు నడిపే మొగుడు కూడా అలాగే పిలుస్తాడు.

ఈమధ్య మధ్యాహ్నాలు అన్నం డబ్బా పక్కన పెట్టుకుని ఫోనులో ఫోటో పుస్తకం తయారుచేస్తోంది. మనం ఫోటోలు పంపితే వాళ్ళు అచ్చువేసి, అట్ట కట్టి ఇంటికి పంపే పుస్తకం. పిన్ని కోసం.

పిన్ని అమ్మకి చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. సంబంధాలు రాలేదని కాదు. వచ్చినప్పుడల్లా ఇంట్లో ఎవరికో ఒకరికి జ్వరమో, పురుడో, పరీక్షలో ఉండేవి. అవి చూసుకుని చేతులు తుడుచుకుని వచ్చేసరికి అడిగినవాళ్ళు లేచి వెళ్ళిపోయేవారు. బజారు వీధిలో ఓ చిన్న కుట్టుకొట్టు ఆమెది. ఆ కొట్టుని ఈ నెలాఖరుకి వదిలేస్తోంది. పెద్దమామయ్య, అంటే అమ్మకీ పిన్నికీ అన్నయ్య, మేడమీద గది వేయించి, "ఒక్కదానివీ ఎన్నాళ్ళు కుడతావు చెల్లాయ్, మా ఇంటికొచ్చెయ్. మీ వదినకి చేదోడుగా ఉంటావు, మనవలకి కాలక్షేపంగా ఉంటావు" అన్నాడు. పిన్ని, "సరే అన్నయ్యా" అంది. ఫోన్లు బాగుచేసే అతనికి కొట్టు ఇచ్చేలా మాట కూడా అయిపోయింది.

"నీకిష్టమేనా పిన్నీ?" అని మిడత ఫోనులో అడిగింది.

"ఇష్టానికేముందే, అందరికీ వీలుగా ఉంటుంది."

ఆ మాట మిడతకి చేపముల్లులా గొంతులో అడ్డం పడింది. మామయ్య చెడ్డవాడు కాదు, పిన్ని కాదనలేదు, మధ్యలో సముద్రాల అవతల ఉన్న తను ఏ మొహం పెట్టుకుని వద్దంటుంది? కొట్టు పోయినా, ఆ మేడగదిలో పిన్ని చేతిలో తనకంటూ ఒక పుస్తకం ఉండాలనుకుంది. ప్రతి పుటలోనూ పిన్ని ఉండాలి. నెలాఖరులోపు చేరాలి.

అనుకున్నంత సుళువా?

ముందు సొంత దేశంలోని కంపెనీలోనే చేయిద్దామని చూసింది. వాళ్ళు ఇక్కడి కార్డు తీసుకోరు. అమ్మ కార్డు వాడితే ఓటీపీ అంకెలు అమ్మ ఫోనుకి వెళ్తాయి. అమ్మకి కళ్ళజోడు కనపడదు. కళ్ళజోడు నెత్తిమీదే ఉందని తెలిసి, అంకెలు ఒక్కొక్కటీ రాగం తీస్తూ చదివేసరికి వాటికి కాలం చెల్లిపోతుంది. రెండోసారీ అంతే. మూడోసారి అమ్మ గబగబా చదివింది కానీ, అవి గ్యాసు బండ అంకెలు.

"పోనీలేవే, ఏదో ఒక అంకె కొట్టు, అంతా దేవుడి దయ" అంది అమ్మ.

చివరికి ఇక్కడి కంపెనీకే ఇచ్చింది. అసలు అవస్థ అప్పుడు మొదలైంది.

ఫోటోల్లో మనుషులు ఒకచోట ఉండరు కదా. ఫోనులో ఉన్నంతసేపూ మరీను. తాతయ్యని ఏ పుటలో పెట్టినా వీలు చూసుకుని భోజనాల ఫోటోలోకి జారుకుంటాడు. అత్తయ్య ఎక్కడ నవ్వుతుంటే అమ్మ అక్కడికి పోయి, ఎందుకు నవ్వుతోందో ఆరా తీస్తుంది. పెద్దమామయ్య ఎక్కడ కుర్చీ కనపడితే అక్కడ కూలబడతాడు. కాగితం మీద పడ్డాక మాత్రం ఎవరికి నచ్చిన చోటు వాళ్ళు వెతుక్కుని కుదురుకుంటారు. అందుకే అచ్చుకి పంపేముందు, "మీవాళ్ళంతా ఉన్నారో లేదో ఒకసారి చూసుకోండి" అని కంపెనీ అడుగుతుంది. మిడత చూసుకునే పంపింది.

పుస్తకం వచ్చిన రోజు మొగుడు బస్సు దిగి యూనిఫాం కూడా విప్పకుండా పక్కన కూర్చున్నాడు. అట్ట బాగుంది. లోపల ఫోటోల కింద మిడత ముచ్చటపడి తెలుగులో రాసుకున్న మాటల బదులు వరసగా ఖాళీ డబ్బాలు అచ్చయ్యాయి.

"ఇదేంటి, మీవాళ్ళందరి పేర్లూ కిటికీలా?" అన్నాడు మొగుడు.

"నోరు మూసుకుని పిన్నిని వెతుకు."

వెతికారు. ఒక పుటలో మోచెయ్యి ఉంది. ఇంకో పుటలో చీర కుచ్చెళ్ళ చివర. ఒకచోట సగం చెవి, దానికి వేలాడుతూ చిన్న దుద్దు. అంతే. పుస్తకం అంచులు సమంగా కోసేటప్పుడు పిన్ని ఆ కోతలో పోయింది.

మిడత కస్టమర్ కేర్‌కి ఫోను చేసింది.

"చెప్పండి మేడం, లోపం ఏమిటి?"

"మా పిన్ని తెగిపోయిందండీ."

"అంచు పక్కన ఎర్రగీత చూపించాం కదా మేడం. గీత దాటినవాళ్ళు కోతలో పోతారు."

"నేను గీత లోపలే పెట్టాను. ఆవిడే జరిగింది."

"తమంతట తాము జరిగినవాళ్ళకి మా పూచీ లేదు మేడం. నిబంధనల్లో ఉంది. ఒకసారి ఆవిడతో మాట్లాడి చూడకపోయారా?"

అదీ నిజమేననిపించింది. మర్నాడు భోజనాల వేళ ఫోను ఎదురుగా పెట్టుకుని, "పిన్నీ, నీకు పుణ్యముంటుంది, కాస్త మధ్యలోకి రా" అని బతిమాలింది. ఫోటోలో పిన్ని నవ్వింది. రెండడుగులు లోపలికి వేసింది. ఇంతలో వెనక ఎవరో దూరపు చుట్టం మొహం కనపడక మెడ సాచింది. "ఇలా రా అమ్మా, ఇక్కడ చోటుంది" అన్నట్టు పిన్ని ఆవిణ్ణి ముందుకి లాగి, తను మళ్ళీ అంచుకి పోయి నిలబడింది.

మిడతకి ఒళ్ళు మండింది. అసలు మనిషికే ఫోను చేసింది.

"ఫోటో తీస్తుంటే నువ్వెందుకు పిన్నీ ఎప్పుడూ అంచున నిలబడతావు?"

మిషను చప్పుడు ఆగింది. "ఉన్నట్టుండి ఇదేం ప్రశ్నే! చోటు చాలొద్దూ అందరికీ? అయినా నేను లేనిదెక్కడ? ఫోటోలో ఉన్న బట్టలన్నీ నేను కుట్టినవేగా." మళ్ళీ చప్పుడు మొదలైంది.

మిడత ఫోను పెట్టేసి ఫోటోలన్నీ మళ్ళీ తిరగేసింది. నిజమే. తాతయ్య లాల్చీ, అత్తయ్య జాకెట్టు, మామయ్య బొజ్జకి సరిపోయేలా పక్కన గుడ్డ వదిలి కుట్టిన చొక్కా, తన చిన్నప్పటి కుచ్చుల గౌను, ఆ గౌనుకి గెంతినప్పుడు చిరగకుండా రెండోసారి వేసిన కుట్టు. పుస్తకం నిండా పిన్ని చేతిపనే. మనిషి మాత్రం లేదు.

రెండోసారి మిడత తెలివితేటలు ఉపయోగించింది. ఫోటోలని రెండు పుటల మీదికీ పెద్దవి చేసి, అంచులకి బోలెడు చోటు వదిలింది. పుస్తకం తెచ్చినతను ఎదురింటివాళ్ళకి ఇచ్చిపోయాడు. వాళ్ళు ఊళ్ళో లేరేమో అనుకుంది, ఉన్నారు కానీ తలుపు తీయరు. వాళ్ళు కుక్కని తిప్పడానికి బయటికొచ్చిన పూట పట్టుకుని తెచ్చుకుంది. తీరా చూస్తే పెద్దమామయ్య పుస్తకం నడిమి మడతలో పడ్డాడు. అర మీసం ఇటు, అర మీసం అటు.

"మీ మామయ్యని నిలువునా చీల్చేశారు. ఇప్పుడు ఇద్దరు మామయ్యలు. ఇద్దరికీ పిన్నే వండాలి" అన్నాడు మొగుడు.

మిడతకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఎందుకంటే పిన్ని ఈసారీ లేదు. అంత చోటు వదిలినా నడుచుకుంటూ అంచుకి పోయి నిలబడింది. గాజుల చెయ్యి ఒక్కటి మిగిలింది, ఎవరికో కాఫీ గ్లాసు అందిస్తూ.

"మనిషికి అలవాటైన చోటు అది. నువ్వు లాగితే వస్తుందా?" అన్నాడు మొగుడు, ఈసారి వేళాకోళం లేకుండా.

"మరి వదిలెయ్యనా?"

"వదలమన్లేదు. లాగొద్దన్నాను."

నెలాఖరు దగ్గరపడుతోంది. ఇక ఇక్కడికి తెప్పించుకుని చూసే వ్యవధి లేదు, తిన్నగా మామయ్య ఇంటికే పంపాలి. చిరునామా రాసే గళ్ళు చిన్నవి. 'రైసుమిల్లు వెనక సందు, పసుపు గేటు' అని కొడితే 'పసుపు గే' దగ్గర ఆగిపోయింది. యంత్రం వీధి నంబరు కావాలంది. ఆ సందుకి నంబరు ఉందని పుట్టి బుద్ధెరిగాక ఎవరూ వినలేదు. మిడత తన చెప్పుల సైజు కొట్టింది. ఒప్పుకుంది.

పుటల దగ్గర ఇంకో పేచీ. మామయ్య చీలిన పుటలు తీసేస్తే లెక్క తప్పింది. పుటలు నాలుగేసి చొప్పునే ఉండాలట, ఒకటి తక్కువైంది. ఖాళీగా వదిలితే యంత్రం ఊరుకోదు. భోజనాల విరామం అయిపోవస్తోంది, అవతల అరగదీయాల్సిన అద్దాలు వరసలో ఉన్నాయి. మిడత ఫోనులో వేలికి తగిలిన ఫోటో ఒకటి తీసి చివరి పుటలో పడేసింది. ఎప్పుడో కొట్లో కొత్త ట్యూబులైటు వేయించినప్పుడు పిన్ని పంపిన ఫోటో అది. అందులో మనుషుల్లేరు. తెరిచిన తలుపు, ఎదురుగా మిషను, వెనక ఖాళీ స్టూలు, గోడకి దారపు ఉండలు. ఫోటో మసగ్గా ఉంది, అచ్చు బాగుండదు, పర్వాలేదా అని యంత్రం అడిగింది. పర్వాలేదని నొక్కేసింది.

నెలాఖరు ఆదివారం పొద్దున్నే అమ్మ వీడియో కాల్ చేసింది. పుస్తకం వచ్చింది! పెద్దమామయ్య ఇంట్లో అందరూ చేరారు. మామయ్య, అత్తయ్య, అమ్మ సోఫాలో ఒకరి మీద ఒకరు పడి చూస్తున్నారు. పిన్ని వంటింటి గుమ్మంలో ట్రే పట్టుకుని నిలబడింది. వెనక గోడవారగా ఆమె పెట్టె, ఇంకా తెరవలేదు.

"అబ్బో, నా చొక్కా మెరుస్తోందే!" అన్నాడు మామయ్య.

"చొక్కా కాదు, బొజ్జ" అంది అత్తయ్య.

"పిన్నిని చూపించండి" అని ఇక్కణ్ణించి మిడత అరిచింది.

పుటలు తిప్పారు. మొదటి ఫోటోలో పిన్ని లేదు. రెండోదాన్లోనూ లేదు. అమ్మ కళ్ళజోడు సర్దుకుని అంచులన్నీ తడిమింది. మోచెయ్యి లేదు, గాజులు లేవు, కుచ్చెళ్ళూ లేవు. ఇదివరకు పిన్ని నిలబడే చోట్లలో మిగతావాళ్ళు జరిగి, సర్దుకుని, హాయిగా కూర్చున్నారు. ఆ మనిషి ఎప్పుడూ లేనట్టే ఉంది.

ఇంత చేసి, ఆఖరికి మిడత పిన్ని లేని పుస్తకం పిన్నికి పంపింది.

"పోనీలేవే" అంది గుమ్మంలోంచి పిన్ని. "బాగానే ఉందిగా. అందరూ వచ్చారు."

అత్తయ్య చివరి పుట తిప్పింది.

తలుపు తెరిచి ఉంది. ట్యూబులైటు వెలుగుతోంది. స్టూలు మీద పిన్ని కూర్చుని ఉంది, సరిగ్గా పుట నడిమధ్యన. నెత్తి నుంచి పాదం దాకా, ఎక్కడా కోత పడకుండా. పళ్ళ మధ్య గుండుసూదులు, మెడలో టేపు, కాలు మిషను మీద, మొహంలో ఎవరికీ చోటివ్వని ఒక శ్రద్ధ. మసక ఫోటోలో ఆమె ఒక్కతే చెక్కినట్టు స్పష్టంగా ఉంది.

మామయ్య పుస్తకం ఒళ్ళోకి తీసుకుని, "చెల్లాయ్" అని పిలిచాడు, గుమ్మం వైపు కాదు, పుట వైపు తిరిగి. పుటలో పిన్ని తలెత్తలేదు. చాలాసేపు చూశాడు. తరవాత పక్కకి తిరిగి అసలు చెల్లెలి మొహం చూశాడు, ఆమె చేతిలో ట్రే చూశాడు. లేచి వెళ్ళి ఆ ట్రే తనే అందుకున్నాడు. అందుకుని ఏం చేయాలో తెలియక కాసేపు పట్టుకుని నిలబడి, అత్తయ్యకిచ్చి, జేబులోంచి ఫోను తీశాడు.

"బాబూ, ఆ బజారు వీధి కొట్టు విషయం. లేదు, ఇవ్వట్లేదు. ఏమీ అనుకోకు. మా చెల్లెలు అక్కడ కూర్చుంది."

అత్తయ్య ట్రే బల్లమీద పెట్టి, "నాకూ జాకెట్టు ఒకటి కుట్టించాల్సింది మిగిలిపోయింది" అంటూ కళ్ళు తుడుచుకుంది. "పిల్లల్ని నేను చూసుకోలేకపోతున్నానని ఎవరన్నారు అసలు?"

"నువ్వే అన్నావు వదినా" అంది అమ్మ.

"అంటే మాత్రం!"

పిన్ని గుమ్మంలోంచి కదిలి వచ్చి, సోఫాలో అమ్మకీ అత్తయ్యకీ మధ్య కూర్చుంది. వాళ్ళు జరిగారు. పుస్తకం చేతిలోకి తీసుకుని ఆ చివరి పుటని ఎంత దగ్గరగా పెట్టుకు చూసిందంటే, ఫోనులో మిడతకి అట్ట తప్ప ఏమీ కనపడలేదు. అట్ట వెనక నుంచి గొంతు వినపడింది.

"అన్నయ్యా, నీ చొక్కా భుజం జారుతోంది. రేపు కొట్టుకి పట్టుకురా. పొద్దున్నే వద్దు, పనిలో ఉంటాను."

వారం తిరిగేసరికి అమ్మ చెప్పిన కబురు: పుస్తకంలో ముందు పుటలన్నీ ఖాళీ అయిపోయాయట. తాతయ్యతో సహా అందరూ చేతుల్లో గుడ్డలు పట్టుకుని చివరి పుటలో కొట్టు తలుపు బయట వరస కట్టారట. పిన్ని తలెత్తకుండానే వేలితో, వరసలో రండి అని చూపిస్తోందట.

మిడత ఆత్రం ఆపుకోలేక పిన్నికి ఫోను చేసింది. అవతల మిషను చప్పుడు, దాని వెనక ఎవరో బేరమాడుతున్నారు.

"పిన్నీ, ఎలా ఉన్నావు? పుస్తకం..."

"మిడతా, పనిలో ఉన్నానే. సాయంత్రం నేనే చేస్తాను" అని పిన్ని ఠక్కున పెట్టేసింది.

మిడత ఫోను గుండెకి ఆనించుకుని, సానరాయి పక్కన గిర్రున ఒక గెంతు గెంతింది.