చూడకుండా వేసిన తేదీ

షామియానా కింద అధికారుల పక్కన రెండు కూలర్లు పెట్టారు. కొత్త ఓపెన్‌కాస్టు బొగ్గు గని మీద జనం మాట వినడానికి వచ్చినవాళ్లు చల్లగా కూర్చున్నారు. చెప్పుకోవడానికి వచ్చిన బస్తీ జనం ఎండలో నిలబడ్డారు. రిటైరైన మైనింగ్ సర్దార్ రాయమల్లు వాళ్లలో ఉన్నాడు.

గని ఇటు జరిగితే బడి పోతుంది, బడి వెనక చెట్లు పోతాయి. అందుకే సంధ్యారాణి టీచరు రెండు నెలలు పిల్లలతో ఎండ కొలిపించింది. రేకుల బడిలో నలభై నాలుగు డిగ్రీలున్న పూట ఆఫీసర్ల బంగళాల చెట్ల కింద ముప్పై తొమ్మిది. బొగ్గు కాలిస్తే వచ్చే వాయువు భూమి వేడిని పైకి పోనివ్వదని చెప్పింది. "ఊరంతటికి ఒక్కటే సూర్యుడు. మరి మన మీద పడ్డ గీ అయిదు డిగ్రీలు ఎవరియి?" అని అడిగింది.

ఆ కొలతలు రాసిన పుస్తకం సభలో చదువుతానని యూనియన్ నాయకుడు సంపత్ తీసుకున్నాడు. రాయమల్లు చేతికింద పని నేర్చినవాడే.

మైకు ముందు సంపత్ పుస్తకం తెరవలేదు.

"మా బస్తీకి అభ్యంతరం లేదు సార్. అన్నీ చూసినం. పిల్లలు మంచిగున్నరు."

"పుస్తకమేదిరా సంపతూ?" బస్తీ ఆడవాళ్లలోంచి మల్లక్క అడిగింది.

"సార్లకిచ్చిన అక్కా."

"మంచిగిచ్చినవ్, ఇసురుకుంటరు. కూలర్ల గాలి సాలుతలేదేమో."

టీచరు ముందుకొచ్చింది. బస్తీ తరఫున ఒకరు మాట్లాడితే చాలని అధికారి ఆపేశాడు.

రాయమల్లు మెల్లగా మైకు దగ్గరికి నడిచాడు. గనిలో సర్దార్ అందరికంటే ముందు లోపలికి పోతాడు. గ్యాసు, పైకప్పు చూసి, చూసిన చోటనే చాక్‌పీసుతో తేదీ వేస్తాడు. ఆ తేదీ కనబడితేనే మిగతావాళ్లు అడుగు పెడతారు.

"నీకు చాక్‌పీసు పట్టిచ్చిందెవరు సంపతూ?"

"నువ్వే కాకా."

"పోయి చూడకుంట ఎన్నడన్న తేదీ వేసినమా?"

సంపత్ మైకు వదిలి పక్కకు జరిగాడు.

"వేస్తే ఏమైతది?"

"మనుషులు సస్తరు," అన్నాడు వెనక నుంచి జహంగీర్. మొదటి షిఫ్టు దిగి, మొఖం కూడా కడగకుండా వచ్చాడు.

రాయమల్లు అధికారుల వైపు తిరిగాడు. "మీరు గూడ చూడకుంటనే రాస్తున్నరు. బడి గదే. రేకుల కింద గంట కూసోండ్రి. అటెన్క రాయిండ్రి."

అధికారులు లేచి జీపెక్కారు. మల్లక్క జీపు ముందు కూర్చుంది. ఆమె పక్కన ఆడవాళ్లు, వాళ్ల వెనక షిఫ్టు దిగిన కార్మికులు. పోలీసులు రాయమల్లునూ టీచరునూ వ్యానెక్కించారు. మెడ మీద పడ్డ పోలీసు చెయ్యి రాయమల్లుకు తెలియనే లేదు. "నువ్వే కాకా" అన్న మాటే లోపల గుచ్చుకుంటోంది.

వ్యాను కదలలేదు. దారంతా మనుషులే. పుస్తకం పోయింది కాని, టీచరు ప్రతి అంకెకూ బస్తీలో జరిగిన ఒక సంగతి ముడివేసి నేర్పింది. పిల్లల నోట విని ఆ అంకెలు తల్లులకూ వచ్చేశాయి.

"లింగవ్వ మేక సచ్చిన దినం?" మల్లక్క గొంతు.

"నలభై అయిదు," అన్నారు పిల్లలు.

"చూసిందెవరు?"

"మేమే," అన్నారు జనమంతా.

"రాసుకో సారూ."

అధికారి పెన్ను తీయలేదు. మల్లక్క ఇంకో దినం లెక్క అడిగింది.