ముత్యపుచిప్ప గుండీలు

"జసీ, పత్రికావిడ వచ్చింది. రెండు టీలు. ఒకదాంట్లో పాలొద్దు" అని ముందుగదిలోంచి కేకేశాడు క్లైవ్.

జసీరా పళ్ళ మధ్య గుండుసూదులున్నాయి. ఒళ్ళో, బల్ల మీద, వంటింటి గచ్చు మీద తెల్ల పావడా పరుచుకుని ఉంది. సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చి, పావడా అంచు తొక్కకుండా గోడ వెంట నడిచి కెటిల్ పెట్టింది. నీళ్ళు మరిగేలోపు గోడ అవతలి మాటలన్నీ వినిపించాయి. "మా నాన్న పాత కోటు చూస్తుంటే తట్టిందండీ నాకు. మా లండన్ గుండీల పనితనం, వాళ్ళ బ్రెజిల్ ముసలమ్మల గిర్రున తిరిగే పావడా. రెండూ కలిస్తే ఎలా ఉంటుందని." ఆమె టీలు పట్టుకెళ్ళేసరికి అతను కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు.

"మా ఆవిడ. నా చేతులనుకోండి" అన్నాడు నవ్వుతూ.

పత్రికావిడా నవ్వింది. ఆ చేతులకు పేరేమైనా ఉందా అని మాత్రం అడగలేదు.

జసీరా వంటింట్లోకి వచ్చి మళ్ళీ సూది అందుకుంది. కోపం రావడానికైనా కాస్త తీరిక ఉండాలి. ఆగస్టులో లండన్ వీధుల్లో జరిగే ఊరేగింపుల పండగ నెత్తి మీదికొచ్చింది, ఇంకా సగం పావడాలకు అంచు కుట్టలేదు. అయినా కోపం ఆగలేదు, ప్రతి కుట్టుకీ సూదితో పాటు లోపలికి దిగుతూనే ఉంది. ఆ కోటు చూసింది ఎవరు? చలికాలంలో అత్తగారు డొరీన్ దాన్ని బయటికి తీసి, ఊడిన గుండీ కుట్టమని ఆమె ఒళ్ళోనే కదా పెట్టింది. లండన్‌లోని బెర్మండ్సీ పేటలో మామగారు, ఒళ్ళంతా గుండీలు కుట్టిన సూటుతో బీదలకు చందాలు పోగేసే గుండీల రాజుగా, తిరిగిన నల్లకోటు. మెడ నుంచి అంచు దాకా ముత్యపుచిప్ప గుండీలతో లంగరు, బండిచక్రం, గుర్రపు నాడా బొమ్మలు. చక్రం మీద వేలు పెట్టగానే జసీరాకు రియోలో, మదురేరా పేటలో, సాంబా ఆడే అమ్మమ్మ పావడా తిరగడం కళ్ళకు కట్టింది. ఈ గుండీలు ఆ పావడా మీద కుడితే ఎలా ఉంటుందని అంట్లు తోముతూ క్లైవ్‌తో చెప్పింది కూడా. "గుండీలు బట్ట మూసుకోడానికే తల్లీ, తిరగడానికి కాదు. ముందు ఆ చిక్కుడుగింజలు మాడుతున్నాయి, చూడు" అన్నాడు. వసంతం వచ్చేసరికి అదే ఆలోచన అతను పాఠాలు చెప్పే ఆర్టు కాలేజీలో బొమ్మగా గోడకెక్కింది, కింద అతని పేరుతో. ఇదేమిటని అడిగితే "ఇంట్లో నీదేమిటి, నాదేమిటి జసీ" అన్నాడు. అంట్లు మాత్రం ఎప్పుడూ ఆమెవే. ఈ ఏటి పండగ వేషానికి ఆ ఆలోచననే తీసుకున్న సాంబా నాట్యబృందంలోని ఆడవాళ్ళు పని దిగి నేరుగా ఈ వంటింటికే వచ్చి కుట్టారు. వాళ్ళకి అన్నం వండిపెట్టిందీ ఆమే, వాళ్ళు వెళ్ళాక రాలిన గుండీలు ఏరుకున్నదీ ఆమే.

కిటికీ పక్కన కూర్చుని డొరీన్ కూడా కుడుతోంది. ముందుగది మాటలు ఆవిడా విన్నది.

"మీ మామగారి సూటు మీద ప్రతి గుండీ నేను కుట్టిందేనమ్మాయ్" అంది తల ఎత్తకుండా. "జనం వచ్చి ఆయన చెయ్యి ఊపేవాళ్ళు. నేను చందా డబ్బా పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. అలవాటైపోతుందిలే."

"మీకు అలవాటైందా అత్తయ్యా?"

డొరీన్ సూదిబెజ్జంలోకి దారం ఎక్కించబోయి, గురి తప్పి, మళ్ళీ తప్పి, సూది కోడలికి అందించింది. జసీరా ఎక్కించి ఇచ్చింది.

ఆగస్టు పండగనాడు బృందం జెండా మోసేది జసీరాయే. అది చిన్నప్పుడే మదురేరాలో నేర్చిన విద్య. క్లైవ్ ఎంత కోరినా అతనికి అబ్బేది కాదు. జెండా కర్రకు చుట్టుకోకూడదు, ముడుచుకోకూడదు. ఆమె చుట్టూ కాపలాగా నాట్యం చేసే మగవాడు ఒక్క క్షణం కూడా జెండాకు వీపు చూపకూడదు. బస్సు నడిపే అడీల్సన్ ఆ కాపలావాడు. ఇంట్లో ఇన్నేళ్ళుగా మొగుడి వీపు చూసిన మనిషికి ఈ ఆచారం వింటేనే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. ఊరేగింపు కదలకముందు, ఆ ఏటి ఆలోచన ఎవరిదో వాళ్ళ ముందు జెండా వంచుతారు. వాళ్ళు అంచు అందుకుని ముద్దు పెట్టుకుంటారు. అప్పుడు గాని డోళ్ళు మోగవు.

"నేను మన బృందం మైకుల లారీ పక్కన నిలబడతా. కెమెరా ఎడమవైపు. నువ్వు నవ్వుతూ వంచు, సరేనా" అన్నాడు క్లైవ్ పొద్దున, కాలరు సరిచేయించుకుంటూ. ఆమె కాలరు సరిచేసింది. చేతులు కదా.

వీధి కిక్కిరిసింది. ఆ పావడాలు కట్టుకున్న బృందంలోని ముసలమ్మలు ఒకసారి గిర్రున తిరిగి చూసుకుంటే గుండీల చక్రాలన్నీ ఎండలో మెరిశాయి. జసీరా జెండా విప్పి లారీ వైపు నడిచింది. క్లైవ్ అప్పటికే తల వంచి, పెదాలు ముందుకు పెట్టి, అరకన్ను కెమెరా మీద ఉంచాడు. ఆమె అతని ముందు ఆగలేదు. జెండా అతని ముక్కు ముందునుంచి సర్రున వెళ్ళిపోయింది.

"అక్కా, ఎటు?" అన్నాడు అడీల్సన్ గొంతు తగ్గించి. అడుగుతూనే ఆమె చుట్టూ తిరుగుతున్నాడు, వీపు చూపకుండా.

కాలిబాట అంచున, మడతకుర్చీలో, డొరీన్. అలవాటుగా చందా డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఉంది. జసీరా ఆవిడ ముందు ఆగి జెండా వంచింది. డొరీన్ బిత్తరపోయింది. "నాకెందుకే, నేనేం చేశాను?" అంది.

"మామగారి కోటు కుట్టారు అత్తయ్యా. దాన్ని చూసి నేను ఇది తలపెట్టాను. మన ఇద్దరి ముద్దూ మీరే పెట్టండి."

డొరీన్ డబ్బా కింద పెట్టింది. సూదిపోట్లతో గరుకెక్కిన వేళ్ళతో అంచు పట్టుకుని, ముద్దు పెట్టుకుని, వదల్లేక అలాగే మొహానికి ఆనించుకుంది. వెనక ముసలమ్మలు చప్పట్లు మొదలెట్టారు. డోళ్ళు మోగాయి.

క్లైవ్ మనుషుల్ని తోసుకుంటూ వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. "అందరి ముందూ ఏమిటిది జసీ? పత్రికావిడ నన్ను అడుగుతోంది, నేనేం చెప్పాలి? ఇలా తీసుకురా ఆ జెండా."

జసీరా కర్రను నడుముకు ఆనించి, జెండా విచ్చుకునేలా తిరిగింది.

"నీ చేతులు ఇవాళ ఖాళీగా లేవు క్లైవ్. ఇకమీదట టీ నువ్వే పెట్టుకో."