ఇల్లు లేదని వేసిన వేలిముద్ర

సుందరమ్మ అబద్ధమాడి ఎరగదు. ఒక్కటి ఆడి ఉంటే ఇవాళ ఈ తిప్పలు ఉండేవి కావు.

ఆరేళ్ళ కిందట రేపల్లెలో ఇళ్ళ స్థలాలకు దరఖాస్తులు తీసుకున్నారు. సొంత ఇల్లుందా అని దరఖాస్తులు రాసిపెట్టే మహిళా సంఘం మనిషి ప్రమీలారాణి అడిగింది. ఉన్నది మురుగుకాలవ పక్కన పోరంబోకులో తాటాకు పాక. అందులోనే ఇరవై రెండేళ్ళ కాపురం, ఇద్దరు బిడ్డల పురుళ్ళు, మొగుడు ముత్తయ్య చావు. అయినా దాన్ని పట్టుకుని ఇల్లనడానికి సుందరమ్మకు నోరు రాలేదు. ఇల్లంటే గోడలుండాలి, గడప ఉండాలి.

"మాకు ఇల్లెక్కడిదమ్మా" అంది. ఆవిడ అదే రాసింది, ఈవిడ వేలిముద్ర వేసింది. స్థలం మాత్రం రానే లేదు.

ఇప్పుడు కొత్త జీవో వచ్చింది. పోరంబోకులో పదేళ్ళకు పైగా ఇల్లు కట్టుకుని ఉన్నవాళ్ళకు అక్కడే పట్టా. తక్కినవాళ్ళు సోమవారానికల్లా ఖాళీ చేయాలి. శుక్రవారం నాట్ల కూలి మానుకుని, ప్రమీలారాణిని వెంటబెట్టుకుని సుందరమ్మ తహసీల్దారు ఆఫీసుకు వెళ్ళింది. గుమాస్తా మనోహర్ మర్యాదస్తుడే. కుర్చీ వేసి కూర్చోబెట్టి, కంప్యూటర్లో పాత దరఖాస్తు తీశాడు.

"ఇల్లు లేదని మీరే వేలిముద్ర వేశారు కదమ్మా. లేని ఇంటికి పట్టా ఎలా ఇస్తామండి?"

తప్పు నాదేనంది ప్రమీలారాణి. వచ్చి కళ్ళతో చూసుకోమంది. చూస్తే చాలదు, ఇల్లున్నట్టు ఒక్క సర్కారు కాగితం కావాలన్నాడు. మీటరు లేదు, ఇంటిపన్ను లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా!

సుందరమ్మ సంచిలోంచి, ఖాళీ చేయమంటూ పాక తడికకు అంటించిపోయిన నోటీసు తీసింది. చర్చిలో పాస్టరుగారి భార్య హెలెన్ చదివి చెప్పిన మాట ఆమెకు కంఠతా వచ్చు: మీ ఇంటిని ఖాళీ చేయవలెను.

"ఇల్లని మీరే రాశారు గదయ్యా."

మనోహర్ రెండుసార్లు చదివాడు. అది కాలవల శాఖ వాళ్ళ కాగితమని, కూల్చడానికే తప్ప పట్టాకు పనికిరాదని చెప్పి తల దించుకున్నాడు. ఇద్దరు బిడ్డల్ని తీసుకుని ఎక్కడికి పోవాలి?

సోమవారం పదింటికి పొక్లెయిన్ వచ్చింది. పాక కూలడానికి పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. గిన్నెలు, బైబిలు, బట్టల మూట రోడ్డు పక్కన పెట్టుకుని నిలబడి ఉంటే, కాలవల ఉద్యోగి కాగితమూ, ఇంకుప్యాడూ పట్టుకొచ్చాడు.

"ఏం రాశారయ్యా?" అంది సుందరమ్మ.

"మీ ఇల్లు మాకు అప్పగించినట్టమ్మా."

ఆవిడ కొంగుతో వేలు తుడుచుకుని, సిరాలో అద్ది, కాగితం మీద నొక్కిపట్టింది.

"సరిగ్గా పడిందా బాబూ?" అని అడిగింది.