పక్క సీటు

బ్యాటరీ కొమ్ముల చుట్టూ పేరుకున్న తెల్లని పొడిని వేడినీళ్ళతో కడిగి, పాత బనీను గుడ్డతో తుడిచి, బ్యాటరీని పొట్టకు ఆనించుకుని ఇంటి షెడ్డులోకి మోశాడతను. షెడ్డులో ఉన్నది అన్న కారు. అన్న పోయాక ఎవరూ బయటికి తీయలేదు. అయినా వారం తిరిగేసరికి బ్యాటరీ చచ్చి పడుంటోంది. తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు, అంతే.

వీధిలో అతన్ని చిన్నమేస్త్రీ అంటారు. పెద్దమేస్త్రీ అన్న. పెద్దాయన పోయినా, తన జుట్టు నెరిసినా, పేరుకు ముందున్న 'చిన్న' మాత్రం అతన్ని వదల్లేదు. చదువు అబ్బక అన్న గ్యారేజీలోనే పని నేర్చుకున్నాడు. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా నవ్వి తప్పించుకున్నాడు. వదిన కాపురానికొచ్చేనాటికి అతనికి పాలపళ్ళు ఊడుతున్నాయి. ఆ పూట మొదలు అతను తిన్నది ఆమె చేతి వంటే.

గ్యారేజీలో బానెట్ ఎత్తగానే వెనక అన్న దగ్గు వినిపిస్తుంది. మొదట్లో తిరిగి చూసేవాడు. ఇప్పుడు చూడడు. కాస్త పక్కకు జరిగి చోటిస్తాడు.

పొద్దున వదిన వంటింటి గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి చెప్పింది.

"మీ అన్నయ్య వచ్చి కూర్చుంటున్నారురా. అందుకే ఆ బ్యాటరీ దిగిపోతోంది."

అతను నవ్వబోయి మానుకున్నాడు.

ఇప్పటికి రెండుసార్లు ఛార్జి ఎక్కించాడు. గ్యారేజీ బల్ల మీద ఉన్నన్నాళ్ళూ బ్యాటరీ నిక్షేపంలా ఉంది. ఇంజను తిరుగుతుంటే ఛార్జి బాగానే ఎక్కుతోంది. అంటే కారు పడుకున్నాక లోపల ఏదో మేలుకుని తాగేస్తోందన్నమాట.

ప్లస్సు తీగ బిగించాడు. మైనస్సు తీగకూ బ్యాటరీకీ మధ్య చిన్న టెస్టు ల్యాంపు పెట్టాడు. అన్నీ ఆపేసిన కారులో అది వెలగకూడదు. వెలిగింది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూశాడు. హారనుది పీకినా వెలుగుతూనే ఉంది, రేడియోది పీకినా అంతే. లోపలి దీపం ఫ్యూజు పీకగానే ఆరిపోయింది. మళ్ళీ పెట్టి, అద్దంలోంచి చూశాడు. పైకప్పు దీపం గుడ్డిగా మినుకుమంటోంది.

డ్రైవరు తలుపు గట్టిగానే పడి ఉంది. పక్క సీటు తలుపు చూడటానికి వేసినట్టే ఉంది గాని, అరచేత్తో నొక్కితే ఇంకాస్త లోపలికి వెళ్ళింది. దీపం ఆరింది. ఆ సీటు గుడ్డ మీద పొడుగాటి నెరిసిన వెంట్రుక ఒకటి అంటుకుని ఉంది.

మైనస్సు తీగ బిగించి, వంటింట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుంటూ, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"వదినా, ఆ తలుపు గట్టిగా వెయ్యవేం?"

గిన్నెల చప్పుడు ఆగింది.

"మధ్యాహ్నం భోంచేసి ఆ డ్రైవరు సీట్లోనే కునుకు తీసేవారు కదరా. నిద్రపోతున్న మనిషి పక్కన తలుపు ధడేలుమని వేస్తామా?"

ఆ బల్బు పీకేస్తే చిటికెలో పనైపోతుంది. కాని అప్పుడు ఆమె చీకటి షెడ్డులో కూర్చోవాలి. అతను చేతులు తుడుచుకున్నాడు.

"దిగితే దిగనీలే. మళ్ళీ నేనెక్కిస్తాను."

ఆమె కంచం పెట్టి వడ్డించింది. అడక్కుండానే ఇంకో గరిటె వేసింది.

"ఆ దగ్గు మాత్రం ఇంకా తగ్గలేదురా ఆయనకి."

"అవును వదినా," అన్నాడతను.

అన్న పోయాక అతను కడుపునిండా తిన్నది ఆ పూటే.

గ్యారేజీకి వెళ్ళి ఒక వ్యాను స్టార్టరు విప్పి, అరిగిపోయిన బ్రష్షులు మార్చాడు. ఎండ తగ్గాక ఇంటికొచ్చేసరికి వంటిల్లు ఖాళీగా ఉంది. పొయ్యి చల్లగా ఉంది. షెడ్డులో పసుపు వెలుతురు.

ఆమె పక్క సీట్లో, తల డ్రైవరు సీటు వైపు వాల్చి కూర్చుని ఉంది. వదినా అని పిలిచాడు. చెయ్యి పట్టుకున్నాడు. రెండోసారి పిలవలేదు.

చాలాసేపటికి, ఇరుగుపొరుగును పిలవడానికి లేచాడు. కాలికి ఏదో తగలబోతే కిందికి చూశాడు. ఎవరింటికో వచ్చి గుమ్మం ముందు విడిచినట్టు, కారు తలుపు కింద ఆమె చెప్పులు జతగా ఉన్నాయి. మడమల దగ్గర అరిగి, లోపల ఇంకా పాదాలున్నట్టే నొక్కుకుపోయి ఉన్నాయి.