సగం క్షవరం

బొటనవేలు అనేది ఒకటుందని మనిషికి గుర్తొచ్చేది అది మొరాయించినప్పుడే. గ్లెనిస్‌ది నలభై ఏళ్లు కత్తెర ఆడించిన బొటనవేలు. టారిల్ బే ఊళ్లో మూడు తరాల మగవాళ్ల తలలు ఆమె చేతి కింద వంగినవే. చివరికి కీలు అరిగిపోయి, టీ కప్పు ఎత్తినా ప్రాణం పోయేంత పని అయితే, అడిలైడ్‌లో ఆపరేషన్ చేసి వేలి మొదట్లోని బుల్లి ఎముకను తీసేశారు. ఆ ఖాళీలో ముంజేతి నుంచి తీసిన ఓ స్నాయువును ఉండచుట్టి కూరారు.

"నెత్తల్లి చేపను చుట్టినట్టు చుట్టి పెట్టామమ్మా," అన్నాడు డాక్టరు.

"చేపలు పట్టేవాడి పెళ్లానికి చేపే పెట్టారా! తాజాదేనా?" అంది గ్లెనిస్, మత్తు దిగీ దిగకుండానే.

అది జరిగి నాలుగు నెలలైంది. చేతికి కట్టు ఉన్న ఆరు వారాలూ మొగుడు నెవిల్ ఆమెను పూచికపుల్ల ఎత్తనివ్వలేదు. వంట చేశాడు, సీసా మూతలు తీశాడు, తల దువ్వాడు. లోపలి బాడీ హుక్కులు పెట్టడం మాత్రం వారం దాకా చేతకాలేదు. "ముప్పై తొమ్మిదేళ్లూ విప్పడమే నేర్చుకున్నావు, పెట్టడం ఎక్కడొస్తుందిలే," అని ఆమె నవ్వితే, అతని చెవులు ఎర్రబడేవి.

చెయ్యి చక్కగా కుదురుకుంది. పాత నొప్పి పోయింది. చేతి వ్యాయామం నేర్పే అమ్మాయి చెప్పినట్టే బట్టల క్లిప్పులు నొక్కింది, మైనం ముద్ద పిసికింది, బొటనవేలిని ఒక్కో వేలి కొసకూ తాకించింది. "ఇక కత్తెర పట్టుకోవచ్చు, పూటకు పావుగంట మించకుండా," అని ఆ అమ్మాయి చెప్పి కూడా మూడు వారాలైంది. గ్లెనిస్ పట్టలేదు. భయం! తీరా పట్టాక వేలు ఆడకపోతే? వీధి గదిలోని క్షవరం కొట్టు ఇక మూసెయ్యాల్సిందే. కొట్టు లేకపోతే పొద్దున్న లేచి తనేం చెయ్యాలో ఆమెకు తోచదు. పట్టుకోనంత కాలం ఆ సంగతి తేలదు కదా అని రోజులు నెట్టుకొస్తోంది.

ఊరేమో ఆమె కోసం ఆగింది. మొండి జనం, ఏం చెప్తాం! పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బులో మగాళ్లంతా ఉన్ని కత్తిరించని గొర్రెల్లా తయారయ్యారు. ఎనభై ఆరేళ్ల ఆల్బీ అయితే వెనక జుట్టుకు రబ్బరు బ్యాండు వేశాడు. "నువ్వేం తొందరపడకమ్మాయ్, నేను చచ్చేలోగా కత్తిరిస్తే చాలు," అన్నాడు. ఆ మంచితనమే ఆమెకు గుండెల మీద బరువైంది.

ఆ శనివారం మధ్యాహ్నం నెవిల్ చేపలు వేయించి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. తలకు ఉన్ని టోపీ ఉంది.

"ఈ ఎండలో అదేం వేషం?" అంది గ్లెనిస్.

"చలిగా ఉంది."

"ముప్పై ఎనిమిది డిగ్రీలు!"

"లోపల చలి."

తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా తింటున్నాడు. గ్లెనిస్ లేచి వెళ్లి టోపీ లాగేసింది. లోపల ఎలకలు కొరికినట్టున్న తల! చెవుల పక్కన మెట్లు మెట్లుగా ఉంది. మెడ మీద గీత ఓ కొస పైకి, ఓ కొస కిందకి పోయింది.

"ఎవరు చేశారిది?"

"పొద్దున పడవ ఇంజను సామాన్లకని బస్తీకెళ్లాను కదా... పక్కనే క్షవరం కొట్టుంటే..."

"ఊరంతా ఆగింది. ఆల్బీ ఆడపిల్లలా జడేసుకునే దాకా వచ్చాడు. నువ్వు ఆగలేకపోయావా?" గ్లెనిస్ టోపీని బల్ల మీదకు విసిరికొట్టింది. "నా చెయ్యి ఇక పనికిరాదనుకున్నావు, అంతే కదా నెవ్? అందరికంటే ముందు నువ్వే అనుకున్నావు."

"ఛఛ, అది కాదే! పొద్దున్న లేవగానే నా జుట్టు చూస్తావు, చూసి కిటికీ వైపు తిరుగుతావు. రోజూ ఇదే తంతు. ఈ జుట్టే లేకపోతే నీకా దిగులుండదని..."

"తెలివి తెల్లారినట్టే ఉంది! కొరివితో తల గోక్కుని వచ్చావు."

ఏడుపు రావాల్సిన చోట ఆమెకు కోపం వచ్చింది. అతని మీద కాదు, ఆ వంకర గీత మీద. దాన్ని చూస్తుంటే ఒళ్లు మండిపోతోంది. నెవిల్ చెవి పట్టుకుని వీధి గదిలోకి లాక్కెళ్లి కుర్చీలో కూలేసి, మెడ చుట్టూ గుడ్డ కట్టింది.

"కదిలావో, చెవి పోతుంది."

కుడివైపు నుంచి మొదలుపెట్టింది. చేస్తూనే తిట్లు లంకించుకుంది. "ఇదో గీతా! ఇదో పనా! ఈ పని చేసినవాడెవడో గానీ వాడి చేతులు విరగ! వద్దులే, చేతుల జోలికి వద్దు..."

ఆ మాట తన చెవినే పడి ఆగిపోయింది. చేతిలో కత్తెర ఉంది. కింద నేల మీద జుట్టు ఉంది.

"ఏమైందే?" అన్నాడు నెవిల్.

"కత్తిరిస్తున్నాను, నెవ్."

"తెలుసు. మెడలో పడి దురద పెడుతోంది కదా."

ఆమెకు నవ్వు ఆగలేదు, కళ్లలో నీళ్లూ ఆగలేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ పనిలో పడింది. పావుగంట కాగానే బొటనవేలు మెల్లగా పీకడం మొదలుపెట్టింది. మునుపైతే పళ్లు బిగబట్టి పని ముగించేది. ఇవాళ కత్తెర కింద పెట్టేసింది. నెవిల్ కుడివైపు పెళ్లికొడుకులా ఉన్నాడు. ఎడమవైపు మాత్రం ఎలకలు కొరికిన తలే.

"ఈ పూటకు ఇంతే. మిగతాది రేపు. అందాకా ఇంట్లో పడుండు, నా పరువు తీయకు."

"భలేదానివే! క్లబ్బులో ఆట ఉంది, పద."

ఎంత బతిమాలినా నెవిల్ వినలేదు. క్లబ్బులో అడుగు పెట్టగానే ఆటలు ఆగిపోయాయి. గ్లెనిస్‌కు తల కొట్టేసినట్టయింది.

"ఒరే నెవిల్, ఇలా ఎవరు చేశార్రా నిన్ను?" అన్నాడు ఆల్బీ.

నెవిల్ ఎడమ చెంప చూపించాడు. "ఇదా? బస్తీలో దర్జాగా డబ్బిచ్చి చేయించుకున్నది." తర్వాత కుడి చెంప తిప్పి, ఊరంతా వినేలా అన్నాడు. "ఇది నా పెళ్లాం చేసింది. ఇవాళే, ఇప్పుడే!"

ఆల్బీ కళ్లజోడు పెట్టుకుని దగ్గరికొచ్చి, నెవిల్ మెడ మీద వేలితో కుడి కొస నుంచి నడిమి దాకా తడిమి చూశాడు.

"తిన్నగా ఉందమ్మాయ్," అన్నాడు.

గ్లెనిస్ తలెత్తి, అందరికీ వినపడేలా చెప్పింది. "సోమవారం కొట్టు తెరుస్తున్నాను. కానీ ముందే చెప్తున్నా, పూటకు సగం తలే."

"దానికేం," అన్నాడు ఆల్బీ, "నాది ఎడమవైపు నుంచి మొదలెట్టు. చెవి తెగినా నష్టం లేదు, చెవుడున్నది అటే."